ముదిరే ఎంఎస్‌కు కొత్త మందుల ట్రయల్స్: మీ సందేహాలు, మా జవాబులు

చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి మెదడు, వెన్నుపాములోని నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే అందరూ ఎంఎస్ అనే జబ్బు గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. మందుల ట్రయల్‌లో, అంటే కొత్త మందును మనుషుల మీద పరీక్షించే ప్రయోగంలో, చేరమంటున్నారు, చేరాలా వద్దా? ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం.

మా ఆయనకు 49 ఏళ్లు. పద్నాలుగేళ్ల కిందట ఎంఎస్ అని తేలింది. మొదట్లో ఎటాక్ వచ్చినప్పుడల్లా స్టెరాయిడ్ సూదులు వేస్తే తేరుకునేవారు. ఇప్పుడు నాలుగేళ్లుగా ఎటాకుల్లేవు, కానీ నడక తగ్గిపోతూనే ఉంది. "ప్రోగ్రెసివ్‌లోకి మారింది, పాత సూదులు ఇక పనిచేయవు" అన్నారు. ఎటాకులే లేనప్పుడు జబ్బు ఎట్లా పెరుగుతుంది?
– ఒక సోదరి, బల్లార్షా

ఎంఎస్‌లో రెండు రకాల నష్టం పక్కపక్కనే నడుస్తుంది. రక్తంలోని తెల్లకణాలు మెదడులోకి, వెన్నుపాములోకి చొరబడి నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీయడం ఒకటి. మనం ఎటాక్ అనేది దీన్నే. ఎంఆర్‌ఐలో కొత్త మచ్చగా కనబడుతుంది. ఇంటర్‌ఫెరాన్ లాంటి సూదులు ఆపేదీ దీన్నే. రెండోది మెదడు లోపలే జరుగుతుంది. పాత మచ్చల అంచుల్లో మైక్రోగ్లియా అనే కణాలు నివురుగప్పిన నిప్పులా రగులుతుంటాయి. మైలిన్ ఊడిన నరం ఏళ్ల తరబడి ఎక్కువ శక్తి ఖర్చు పెట్టుకుని చివరికి చచ్చిపోతుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డును చాలా మందులు దాటలేవు కాబట్టి ఈ రెండో నష్టాన్ని ఆపడం కష్టమైంది. మీ వారిది సెకండరీ ప్రోగ్రెసివ్, అంటే ఎటాకులతో మొదలై తరువాత మెల్లగా ముదురుతూ పోయేది. ఎటాకులే లేకుండా మొదటి నుంచీ ఇట్లా ముదిరేదాన్ని ప్రైమరీ ప్రోగ్రెసివ్ అంటారు. నూటికి 10 నుంచి 15 మందిలో అది ఉంటుంది.

ఎటాకుల మీద బాగా పనిచేసే మందులు కూడా ఇక్కడ బోల్తా పడ్డాయి. ఫింగోలిమోడ్ ప్రైమరీ ప్రోగ్రెసివ్‌లో ఫలితం ఇవ్వలేదని 2016లో తేలింది. నటాలిజుమాబ్ సెకండరీ ప్రోగ్రెసివ్‌లో ప్రధాన పరీక్ష నెగ్గలేకపోయింది. నెగ్గినవి తక్కువ. ప్రైమరీ ప్రోగ్రెసివ్‌కు ఓక్రెలిజుమాబ్‌ను అమెరికా 2017 మార్చిలో అనుమతించింది. సిపోనిమోడ్‌ను 2019లో అనుమతించినా, సెకండరీ ప్రోగ్రెసివ్‌లో అది జబ్బు ఇంకా "యాక్టివ్"గా, అంటే ఎటాకులో కొత్త మచ్చలో వస్తూ, ఉన్నవాళ్లకు మాత్రమే. అందుకే "ఇక పనిచేయవు" అన్న మాట దగ్గర ఆగిపోకండి. ఈ మధ్య తీసిన ఎంఆర్‌ఐలో కొత్త మచ్చలు ఉన్నాయా అని అడగండి. ఉంటే వాడదగిన మందులు ఇంకా ఉన్నట్టే. లేకపోతే ట్రయల్ గురించి ఆలోచించడం సబబే.

ట్రయల్‌లో మందు పనిచేసిందో లేదో ఎట్లా తేలుస్తారు? మా తమ్ముడు ఆరు నెలలుగా గోలీలు మింగుతున్నాడు, మాకు ఏ మార్పూ కనబడుతలేదు.
– పాఠకుడు, సిరొంచ

మార్పు కనబడకపోవడం చెడ్డ సంగతి కావాలని లేదు. ఈ ట్రయల్స్‌లో మందు నెగ్గడమంటే రోగి లేచి నడవడం కాదు. మందు తీసుకున్నవాళ్లలో క్షీణించినవాళ్లు తక్కువగా ఉండటం. అసలు లెక్క చూడండి. ఓక్రెలిజుమాబ్ ట్రయల్‌లో 732 మంది ప్రైమరీ ప్రోగ్రెసివ్ రోగులున్నారు. ఉత్తుత్తి మందు, అంటే ప్లాసిబో, తీసుకున్నవాళ్లలో 39.3 శాతం మందికి వైకల్యం పెరిగింది. మందు తీసుకున్నవాళ్లలో 32.9 శాతం మందికి పెరిగింది. 1,651 మందితో జరిగిన సిపోనిమోడ్ ట్రయల్‌లో ఆ అంకెలు 32, 26. వందమందిలో ఆరుగురికి తేడా. పేపర్లో మాత్రం అది "24 శాతం తగ్గింపు", "21 శాతం తగ్గింపు" అని వస్తుంది. రెండూ నిజమే. ఇంట్లో నిర్ణయం తీసుకునేటప్పుడు వందలో ఎంతమంది అన్న లెక్కే అడగాలి.

ఇక కొలిచే తీరు. ప్రధానమైనది ఈడీఎస్‌ఎస్ అనే స్కేలు. సున్నా నుంచి 10 వరకు, అర పాయింటు మెట్లతో ఉంటుంది. 4 అంటే సాయం లేకుండా, ఆగకుండా సుమారు 500 మీటర్లు నడవగలరు. 6 అంటే 100 మీటర్లకు ఒక చేతికర్ర కావాలి. 6.5 అంటే రెండు పక్కలా ఆసరాతో 20 మీటర్లు. 7 అంటే చక్రాల కుర్చీ. మీ తమ్ముడు 4 నుంచి 5కు వెళితే ఒక పాయింటు పెరిగినట్టు. 6 దగ్గర ఉంటే అర పాయింటు పెరిగినా క్షీణతగానే రాస్తారు, ఎందుకంటే అక్కడ ఆ అర మెట్టు ఒక కర్రకూ రెండు కర్రలకూ ఉన్న తేడా.

ఈ స్కేలు దాదాపు కాళ్లనే చూస్తుంది కాబట్టి మరో రెండు పరీక్షలు కలుపుతారు. ఒకటి 25 అడుగుల నడక. గీత నుంచి గీతకు, పడిపోకుండా ఎంత వేగంగా నడవగలిగితే అంత వేగంగా, రెండుసార్లు నడిపించి సగటు కడతారు. రెండోది చేతికి. తొమ్మిది రంధ్రాల పలక ఇచ్చి, తొమ్మిది చిన్న పుల్లలను ఒక్కొక్కటే తీసి గుచ్చి, మళ్లీ ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేయమంటారు. స్టాప్‌వాచ్ మొదటి పుల్ల తాకినప్పటి నుంచి చివరిది గిన్నెలో పడేదాకా నడుస్తుంది. రెండు చేతులకూ రెండేసిసార్లు. సాధారణంగా 20 శాతం ఎక్కువ సమయం పడితే క్షీణించినట్టు లెక్క. 10 సెకన్ల నడక 12 సెకన్లు కావడమన్నమాట.

ఒక్కసారి తగ్గితే దాన్ని ఖాయం చేయరు. 12 వారాల తరువాత, చాలా ట్రయల్స్‌లో 24 వారాల తరువాత, మళ్లీ అదే తేడా కనబడాలి. దీనికి కారణం మన ప్రాంతం వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఒంటి వేడి కాస్త పెరిగినా మైలిన్ పోయిన నరంలో సంకేతం సరిగా పారదు. మే నెలలో 45 డిగ్రీలు దాటిన చంద్రపూర్ ఎండలో బస్సు దిగి నేరుగా పరీక్ష గదిలోకి వెళితే జబ్బు పెరగకపోయినా నడక మందగిస్తుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, సన్నగా జ్వరం ఉన్నా అంతే. కాబట్టి దూరం నుంచి వెళ్లేవాళ్లు వీలైతే ముందురోజు రాత్రికే చేరుకోండి. చల్లని చోట కనీసం గంట కూర్చున్నాకే పరీక్షకు వెళ్లండి. ప్రతిసారీ అదే చెప్పులు, అదే కర్ర, అదే వేళ ఉండేట్టు చూసుకోండి. మూత్రం మంటగా ఉంటే, జ్వరం ఉంటే ముందే ఫోన్ చేసి తేదీ మార్పించుకోండి. తప్పుడు కొలత మీ తమ్ముడికీ నష్టమే, మంచి మందును పనికిరానిదిగా చూపించి అందరికీ నష్టం చేస్తుంది.

మరొకటి. మందులు రాసే డాక్టరు, కొలిచే డాక్టరు వేర్వేరుగా ఉంటారు. కొలిచే డాక్టరుకు "ఈ గోలీ వేసుకున్నాక తల తిరుగుతోంది" అని చెప్పకూడదు. దాన్నిబట్టి ఆయన ఏది అసలు మందో ఊహిస్తారు, తెలియకుండానే అంకె మారిపోతుంది. ఆ బాధలు మొదటి డాక్టరుకే చెప్పాలి, అన్నీ చెప్పాలి. నడక వేగం పెంచే ఫాంప్రిడిన్ గోలీ మధ్యలో సొంతంగా మొదలుపెట్టినా ఫలితం చెడిపోతుంది.

ప్లాసిబో అంటే రెండేళ్లు పిండిగోలీ మింగడమేనా? ఇది మోసం కాదా?
– పాఠకుడు, రాజురా

ముందే చెప్పి, ఒప్పుకున్నాక ఇస్తే మోసం కాదు. చెప్పకుండా ఇస్తే మోసమే. ఇంత మెల్లగా ముదిరే జబ్బులో పోల్చేవాళ్లు లేకపోతే ఏ మందైనా పనిచేసినట్టే కనబడుతుంది, ఎందుకంటే ఏ మందూ లేకుండానే రెండేళ్లలో పెద్దగా మారనివాళ్లు చాలామంది ఉంటారు. ఓక్రెలిజుమాబ్, సిపోనిమోడ్, టోలెబ్రూటినిబ్ అనే మరో కొత్త మందు ట్రయల్స్‌లో ముగ్గురిలో ఇద్దరికి అసలు మందే వెళ్లింది. ఎవరికి ఏదన్నది కంప్యూటర్ చీటీ తీస్తుంది, డాక్టరుకు కూడా తెలియదు. కొన్నింటిలో ప్లాసిబో ఉండదు. ప్రైమరీ ప్రోగ్రెసివ్‌లో ఫెనెబ్రూటినిబ్ గోలీని నేరుగా ఓక్రెలిజుమాబ్‌తోనే పోల్చారు. రహస్యం బయటపడకుండా అందరికీ గోలీ, సెలైన్ రెండూ ఇస్తారు, వాటిలో ఒకటే అసలుది.

మీరు అడగాల్సింది ఇది: నాకు ఇప్పటికే ఇవ్వదగిన మందు ఉండి దాన్ని ఆపి ప్లాసిబో ఇస్తున్నారా? అవుననే జవాబొస్తే మేమైతే చేరవద్దనే అంటాం. ప్లాసిబో వర్గంలో ఉన్నా కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్, ఫిజియోథెరపీ, మూత్రం మందులు ఆగకూడదు. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా బయటికి రావచ్చు, దానివల్ల మామూలు వైద్యానికి ఆటంకం ఉండకూడదు.

కొలెస్ట్రాల్ గోలీ, షుగర్ గోలీ, జుట్టుకు వాడే బయోటిన్ ఎంఎస్‌కు పనిచేస్తాయని మా అన్న ఫోన్లో చూసి కొనుక్కొచ్చాడు. వాడొచ్చా? చవకేగా?
– ఒక చెల్లెలు, అహేరి

మీ అన్నగారు చూసినవి పుకార్లు కావు, నిజంగా ట్రయల్స్ జరిగినవే. ఆ కథ సగం దగ్గర ఆగిపోవడమే చిక్కు.

బయోటిన్ సంగతి చూడండి. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే జుట్టు గోలీల్లో ఉండేదానికి ఎన్నో రెట్లు, ఇచ్చి 154 మందితో చేసిన ట్రయల్‌లో మందు తీసుకున్నవాళ్లలో 12.6 శాతం మంది మెరుగుపడ్డారు, ప్లాసిబోలో ఒక్కరూ లేరు. 2016లో పెద్ద ఆశ పుట్టింది. మళ్లీ 642 మందితో చేశారు. మందులో 12 శాతం, ప్లాసిబోలో 9 శాతం. 2020లో ఆశ పోయింది. మొదటి ట్రయల్‌లో ప్లాసిబో వర్గంలో ఒక్కరూ మెరుగుపడకపోవడమే తేడాను అంత పెద్దగా చూపించింది. చిన్న ట్రయల్‌లో ఇట్లాంటివి జరుగుతాయి. పైగా అంత మోతాదు బయోటిన్ థైరాయిడ్ పరీక్షను, గుండెపోటు తెలిపే ట్రోపోనిన్ పరీక్షను తప్పుగా చూపిస్తుంది. ఛాతీ నొప్పితో వెళ్లినవాడికి ట్రోపోనిన్ మామూలుగా ఉందని ఇంటికి పంపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మీ అన్నగారు ఇప్పటికే వేసుకుంటుంటే రక్తపరీక్షకు ముందు ల్యాబ్‌లో తప్పక చెప్పమనండి.

కొలెస్ట్రాల్ గోలీ సిమ్వాస్టాటిన్. 140 మంది సెకండరీ ప్రోగ్రెసివ్ రోగులతో చేసిన ట్రయల్‌లో రోజుకు 80 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకు మెదడు కుంచించుకుపోయే వేగం ప్లాసిబో వాళ్లకన్నా 43 శాతం తగ్గింది. ఇది 2014 మాట. అందరం సంతోషించాం. తరువాత బ్రిటన్‌లో 964 మందితో, ఈసారి మెదడు సైజు కాకుండా మనిషి నడక, చెయ్యి కొలుస్తూ ట్రయల్ చేశారు. వైకల్యాన్ని అది ఆపలేదని 2024లో చెప్పారు. ఎంఆర్‌ఐలో మెదడు సైజు నిలిచినంత మాత్రాన మనిషి నడక నిలవదని ఈ జబ్బు మాకు పదే పదే నేర్పుతోంది. 80 మిల్లీగ్రాముల మోతాదుకు కండరాలు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. గుండె కోసం డాక్టరు రాసినవాళ్లు తమ మోతాదు మానకూడదు, ఎంఎస్ కోసం మాత్రం కొత్తగా మొదలుపెట్టొద్దు.

వేరే జబ్బులకు వాడే మూడు మందులు, ఆమిలోరైడ్, ఫ్లూయాక్సెటిన్, రిలుజోల్‌లను బ్రిటన్‌లోనే 445 మందిలో 96 వారాలు ఒకేసారి పరీక్షించారు. ఏదీ పనిచేయలేదు. అయినా ఒక్కో మందుకు విడిగా పదేళ్లు పోయే బదులు మూడింటికీ ఒకే ప్లాసిబో వర్గంతో జవాబు దొరికింది, అది మాకు గొప్పగా కనబడుతుంది. 2023లో అక్కడ మొదలైన ఆక్టోపస్ ట్రయల్ ఇంకో అడుగు ముందుకేసింది. మొదటి దశలో ఎంఆర్‌ఐ చూస్తారు, ఆశ కనబడని మందును తీసేస్తారు, మిగిలినదాన్ని అదే ట్రయల్‌లో నడక, చేతుల కొలతలతో పెద్ద సంఖ్య మీదికి తీసుకెళతారు. మీ అన్నగారు చూసిన షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ అందులోకి ఎంపికైన మందు, ఆల్ఫా లిపోయిక్ ఆసిడ్‌తో పాటు. ట్రయల్‌లోకి తీసుకున్నారంటే పనిచేస్తుందో లేదో ఇంకా తేల్చుకోవాల్సి ఉందని అర్థం. డయాబెటిస్ లేనివాళ్లు ఎంఎస్ కోసం సొంతంగా వేసుకోవద్దు. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే అది ప్రమాదకరం.

మా బాపుకు చదువు రాదు, మరాఠీ అంతంతమాత్రం. అంగీకార పత్రం మరాఠీలో, ఇంగ్లీషులో ఇచ్చి సంతకం చేయమన్నారు. ఏమన్నా అయితే దిక్కెవరు?
– పాఠకుడు, ధర్మాబాద్

సంతకం ఆపండి. 2019 నాటి న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు ప్రతి కావాలని అడగండి, దానికి కూడా రోగుల హక్కులను, భద్రతను చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. ఎవరో సిస్టరు అక్కడికక్కడ నోటితో చెప్పేది చాలదు. చదవడం రానివాళ్ల విషయంలో ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కన ఉండి సంతకం చేయాలి. పత్రం కాపీ ఒకటి మీకివ్వాలి. ఇంటికి తీసుకెళ్లి నలుగురితో మాట్లాడి వస్తామనండి. అందుకు ఒప్పుకోని చోట చేరకపోవడమే మంచిది.

పత్రంలో వెతకాల్సినవి: ఎన్నిసార్లు రావాలి, దారి ఖర్చు ఎవరిది, ప్రతిసారీ ఏ పరీక్ష, ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు, రాత్రిపూట ఫోన్ చేస్తే ఎత్తే డాక్టరు నంబరు. రక్తపరీక్షల గురించి గట్టిగా అడగండి. టోలెబ్రూటినిబ్ ట్రయల్‌లో 1,131 మంది సెకండరీ ప్రోగ్రెసివ్ రోగులుంటే, ఆరు నెలలపాటు నిలిచిన క్షీణత ప్లాసిబోలో 30.7 శాతం, మందులో 22.6 శాతం. ఎటాకులు ఆగిపోయిన రకంలో ఇది మంచి ఫలితమే. కానీ లివర్ ఎంజైములు మామూలు హద్దుకు మూడు రెట్లు దాటినవాళ్లు మందు వర్గంలో 4 శాతం, ప్లాసిబోలో 1.6 శాతం. తీవ్రమైన కేసులు మొదటి 90 రోజుల్లోనే వచ్చాయి, లివర్ మార్చాక వచ్చిన సమస్యలతో ఒకరు చనిపోయారు. ఇట్లాంటి మందుకు మొదటి మూడు నెలలు వారం వారం రక్తం చూడాలి. దూరపు ఊరివాళ్లు ప్రతివారం నగరానికి వెళ్లలేరు. దగ్గరి ల్యాబ్‌లో తీయించే ఏర్పాటు ఉందా, రిపోర్టు ఎవరు చూస్తారు, ఎన్ని గంటల్లో చూస్తారు అన్నది చేరక ముందే తేలాలి. కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, ఒళ్లంతా దురద పెట్టినా ఆ రోజే ఫోన్ చేయాలి. పసరు మందు, ఇప్పసారా, నొప్పి గోలీలు వాడుతుంటే దాచకండి, లివర్ విషయంలో అవే అసలు సంగతి కావచ్చు. రోగనిరోధకాన్ని తగ్గించే మందైతే ముందుగా హెపటైటిస్-బి, టీబీ పరీక్షలు చేశారో లేదో చూడండి.

నష్టం జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి. ట్రయల్ వల్లే చనిపోయినా, వైకల్యం వచ్చినా నష్టపరిహారం ఇవ్వాలి. మూల మొత్తం 8 లక్షల రూపాయలు, దాన్ని వయసునుబట్టి, అప్పటికే ఉన్న జబ్బు తీవ్రతనుబట్టి గుణించి లెక్కకడతారు. ఔషధ నియంత్రణ అధికారి ఆర్డరు అందిన 30 రోజుల్లో స్పాన్సర్, అంటే ట్రయల్ పెట్టిన కంపెనీ లేదా సంస్థ, చెల్లించాలి. ప్లాసిబో ట్రయల్‌లో ప్రోటోకాల్ (ముందే రాసుకున్న ట్రయల్ పద్ధతి) ప్రకారం ఇవ్వాల్సిన మామూలు వైద్యం ఇవ్వనందువల్ల జరిగిన నష్టం కూడా ఇందులోకి వస్తుంది. ఈ ముక్క చాలామందికి తెలియదు.

ఒక క్లినిక్ స్టెమ్ సెల్ ట్రయల్ అని చెప్పి లక్షలు కట్టమంటోంది.
– పాఠకుడు, దెగ్లూర్

కట్టొద్దు. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోరు. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఇట్లాంటి జబ్బులకు ట్రయల్ బయట స్టెమ్ సెల్ చికిత్స అమ్మడం కుదరదు. సీటీఆర్‌ఐ నంబరు అడగండి. 2009 జూన్ నుంచి మన దేశంలో మందుల ట్రయల్స్ ఆ ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే. ఆ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే ఏ ఆసుపత్రుల్లో జరుగుతోంది, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, ఇంకా రోగులను తీసుకుంటున్నారా అన్నీ కనబడతాయి. నంబరు ఉన్నా ఆ క్లినిక్ పేరు జాబితాలో లేకపోతే వెనక్కి తిరగండి.

రెండు కాళ్లూ బిగుసుకుపోతున్నాయి. ఎంఎస్ కావచ్చు, ట్రయల్ చూద్దాం అన్నారు. ఇంట్లో చాన్నాళ్లుగా లాఖోడి పప్పు తింటాం.
– పాఠకుడు, గడ్చిరోలి జిల్లా

ట్రయల్ కన్నా ముందు జబ్బు పేరు ఖాయం కావాలి. లాఖోడి, అంటే కేసరి పప్పు, నెలల తరబడి ముఖ్య ఆహారంగా తింటే లాథిరిజం వచ్చి కాళ్లు ఇట్లాగే బిగుసుకుపోతాయి. బి12 లోపం, వెన్నుపూస టీబీ, మెడలో నరం నొక్కుకుపోవడం, ఎన్‌ఎంఓ అనే వేరే జబ్బు కూడా ఎంఎస్‌లా కనబడతాయి. మెదడు, మెడ ఎంఆర్‌ఐ, బి12, ఎన్‌ఎంఓను పట్టే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ రక్తపరీక్ష, అవసరమైతే వెన్నునీటిలో ఎంఎస్‌ను సూచించే ఆలిగోక్లోనల్ బ్యాండ్లు చూడాలి. ఎన్‌ఎంఓకు కొన్ని ఎంఎస్ మందులు కీడు చేస్తాయి. పప్పు సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, చాలామంది అడగరు.

మా అక్కకు 58. చక్రాల కుర్చీలో ఉంది. ఏ ట్రయల్‌లోనూ తీసుకోం అంటున్నారు. ఎందుకింత వివక్ష?
– పాఠకురాలు, బల్లార్షా

మీ బాధ న్యాయమైనది. దీనికొక చరిత్ర ఉంది. 2009లో రిటుక్సిమాబ్‌ను 439 మంది ప్రైమరీ ప్రోగ్రెసివ్ రోగుల్లో చూస్తే మొత్తం మీద ఫలితం రాలేదు, కానీ వయసు తక్కువగా, ఎంఆర్‌ఐలో వాపు ఉన్నవాళ్లకు మేలు జరిగినట్టు కనిపించింది. తరువాత ఓక్రెలిజుమాబ్ ట్రయల్‌లో 55 ఏళ్ల పైవాళ్లను, ఈడీఎస్‌ఎస్ 6.5 దాటినవాళ్లను తీసుకోలేదు. మందు నెగ్గింది, చక్రాల కుర్చీలోని వాళ్లకు మాత్రం జవాబు రాలేదు. ఇప్పుడు తీరు మారుతోంది. అదే మందును 65 ఏళ్ల వరకు, ఈడీఎస్‌ఎస్ 8 వరకు ఉన్నవాళ్లలో, చేతి పనిని ముఖ్య కొలతగా పెట్టి పరీక్షించే ట్రయల్ పెట్టారు. కుర్చీలో ఉన్నవాళ్లకు అన్నం కలుపుకునే చెయ్యి, ఫోన్ పట్టుకునే చెయ్యి నిలవడం ఎంత ముఖ్యమో దాన్ని రూపొందించినవాళ్లు గుర్తించారు. అక్కకు 25 అడుగుల నడక వర్తించదు గానీ పుల్లల పరీక్ష వర్తిస్తుంది. మీ న్యూరాలజిస్టుతో ఆరు నెలలకోసారి చేయించి, రెండు చేతుల సమయం, తేదీ రాయించి పెట్టుకోండి. కొత్త ట్రయల్ వచ్చినప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

ఈలోగా వికలాంగుల హక్కుల చట్టం 2016లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం తేలితే చాలా సదుపాయాలకు అర్హత వస్తుంది. యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, జిల్లా ఆసుపత్రి బోర్డు ముందుకు వెళ్లేటప్పుడు ఎంఆర్‌ఐ రిపోర్టు, న్యూరాలజిస్టు చీటీ, ఆధార్ తీసుకెళ్లండి. ఎండాకాలంలో తేదీ ఇస్తే పొద్దున పూట ఇవ్వమని అడగండి.